చెవుల మీద కట్టిన రుమాలు

పక్కింటి బుర్మా పాలబండి దగ్గర అన్నదట. ఆ మాటను పాలబండి తోలే అతని పెళ్ళాం రొట్టెల పొయ్యి దగ్గర ఇంకొకామె చెవిలో వేసిందట. అక్కడినుంచి అది సందుసందూ తిరిగి, తిరిగినకొద్దీ బలిసి, చివరికి ఎవరి గురించి పుట్టిందో ఆమె దగ్గరికే వచ్చి చేరింది. జూరకన్ మనవరాలికి చెవుల్లో పాటలు పోస్తున్నారంట, పొద్దున తగిలించింది పొద్దుగూకినా దించడం లేదంట, జారిపోకుండా పంటినొప్పి వాళ్ళకు కట్టినట్టు రుమాలుతో తల కూడా బిగించి కట్టేశారంట.

జూరకన్ అప్పుడు పెరట్లో ఉన్ని ఉతుకుతోంది. మాట మోసుకొచ్చిన ఆమె ముందు బుర్మాను కడిగేసింది. దానికి ఇంట్లో పనేముంది, మా కిటికీకి కళ్ళు అతికించుకుని కూర్చుంటది, రేపు మా కుక్క దగ్గినా ఊరికి చాటుతది అన్నది. వచ్చినామె నవ్వి వెళ్ళిపోయింది. గేటు పడిన చప్పుడు వినిపించాక జూరకన్ చేతులు గౌనుకు తుడుచుకుంటూ లోపలి గదిలోకి పోయి, పరుపుల దొంతరకు ఆనుకుని కూర్చున్న పిల్ల గడ్డం కింద రుమాలు ముడి మెల్లిగా విప్పింది. ముడి గట్టిగా పడింది. వేళ్ళతో రాలేదు, పళ్ళతో లాగాల్సి వచ్చింది.

పిల్ల పేరు బెగాయిమ్. ఆరేళ్ళది. జూరకన్ కొడుకు ఎర్మెక్‌కు తొలిచూలు. తొలి బిడ్డ తాతా నాయనమ్మలది, అందులో అడిగేదీ ఉండదు, ఇచ్చేదీ ఉండదు. కోడలు అయ్‌పేరికి ఇంకా పాలు ఎండకముందే జూరకన్ పిల్లను తన పక్కలోకి తెచ్చుకుంది. ఎర్మెక్, అయ్‌పేరి రాజధాని బిష్కెక్ వెళ్ళి ఒకరు టాక్సీ తోలుతూ ఇంకొకరు బట్టలు కుడుతూ అక్కడే ఇద్దరు మగపిల్లల్ని కన్నారు. బెగాయిమ్ జూరకన్‌ను 'అపా' అంటుంది, అంటే అమ్మ. కన్నతల్లిని వదినా అంటుంది, కన్నతండ్రిని అన్నా అంటుంది. ఊళ్ళో సగం ఇళ్ళల్లో ఇట్లాంటి వరసలే, ఎవరికీ వింత కాదు.

వింత ఏమిటంటే ఆ పిల్ల చెవులు. కుక్క మొరిగినా, మూత కింద పడినా, ఎవరన్నా పెద్దగా నవ్వినా రెండు చేతులతో చెవులు మూసుకుని పరుపుల దొంతర వెనక్కి దూరిపోయేది. జూరకన్‌తో నాలుగు మాటలు మాట్లాడుతుంది, తాత సాతర్‌కుల్‌తో రెండు. మూడో మనిషి గడపలో నిలబడితే నోరు కుట్టేసినట్టే. అందుకని ఇంటికి ఎవరు వచ్చినా జూరకన్ ముందు పిల్లను లోపలి గదిలోకి పంపి తలుపు వేసేది. పిల్ల ఏదని అడిగితే నిద్రపోతోందనేది, లేదా జలుబు చేసిందనేది. ఆ పిల్ల ఒక్కదానికి వచ్చినన్ని జలుబులు ఊరు మొత్తానికి రాలేదు.

ముల్లా ఊది చూశాడు. పక్క ఊరి ముసలామె సీసం కరిగించి నీళ్ళలో పోసి, భయపడింది అని చెప్పింది. అది చెప్పడానికి సీసం ఎందుకని సాతర్‌కుల్ విసుక్కున్నాడు. చివరికి ఊరి నర్సు, కొచ్కోర్ టౌనులో ఇట్లా బెదిరే పిల్లలకు వైద్యం చేసే కుందుజ్ దగ్గరికి తీసుకుపొమ్మంది.

పాత బాలబడిలో ఒక మూల గది కుందుజ్‌ది. పొట్టి జుట్టు, ప్యాంటు, ముప్ఫై దాటినా పెళ్ళి కాలేదు. జూరకన్‌కు మొదటిరోజు ఆ మూడూ నచ్చలేదు. ఆమె పిల్ల చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి పాటలు వినిపించేది. జూరకన్ కూడా ఒకసారి పెట్టుకుని చూసింది. మామూలు పాటలే, కానీ డోలు మోత, బొంగురు మోతలు అన్నీ తీసేసి, మనిషి పాడే గొంతు ఒక్కటే గోడ అవతలినుంచి వచ్చినట్టు దూరంగా పోతూ, మళ్ళీ దగ్గరికి వస్తూ ఉంది. దీనికోసం ఇంత దూరం రావాలా అనుకుంది.

కుందుజ్ అర్థమయ్యేట్టు చెప్పింది. "భయపడిన చెవికి ప్రతి చప్పుడూ తోడేలే అపా. మనిషి గొంతు తోడేలు కాదని దానికి మెల్లగా నచ్చచెప్పాల. తొందరపడితే అదీ తోడేలే అవుతాది."

తర్వాత షరతులు చెప్పింది. రోజుకు అరగంట, అంతకు మించకూడదు. పిల్ల కాస్త ఇబ్బందిగా కదిలినా తీసేయాలి. ఆ అరగంటా పెద్దవాళ్ళు పక్కన నిమ్మళంగా కూర్చోవాలి. కుట్టుపని చేసుకోవచ్చు, పిల్ల బొమ్మలు గీసుకోవచ్చు, టీవీ, ఫోను, పనులు చెప్పడం మాత్రం వద్దు. సగం పని పాటది, సగం పని పక్కన కూర్చున్న మనిషిది అన్నది. జూరకన్ ఆ చివరి మాటను మర్యాద కోసం అన్న మాటగా తీసుకుంది.

పాటలు పని చేయడం మొదలుపెట్టాయి. ఒకరోజు తిరుగు బండిలో ఎవరో ముక్కూమొహం తెలియని ముసలామె ఆపిల్ పండు ఇవ్వబోతే బెగాయిమ్ చెయ్యి చాచి తీసుకుంది. ఆమె మొహం కూడా చూసింది. జూరకన్ దారంతా కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకుంటూనే ఉంది. తర్వాత బంగాళాదుంపలు తవ్వే కాలం వచ్చి టౌనుకు బండ్లు దొరకకపోతే, కుందుజ్ హెడ్‌ఫోన్లూ పాటల ఫోనూ ఇంటికే ఇచ్చి పంపింది. షరతులన్నీ మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

ఆ వారమే ఎర్మెక్ ఫోన్ చేశాడు. తండ్రికి డెబ్బయ్యో ఏటి విందు ఘనంగా చేద్దామన్నాడు. అయ్‌పేరి వాళ్ళ నాన్న మాంబెత్‌ను కూడా పిలిచామన్నాడు. చివర్లో గొంతు తగ్గించి, పిల్లకు బడి వయసు వచ్చింది కదా, మనుషుల్లో కూర్చోలేకపోతే మాతో బిష్కెక్ తీసుకుపోతామని అయ్‌పేరి అంటోంది అన్నాడు. అక్కడ అట్లాంటి పిల్లలకు వేరే బడి ఉందట.

"అట్లాంటి పిల్లలంటే ఎట్లాంటి పిల్లలురా?" అన్నది జూరకన్. "దానికేం తక్కువ? కాస్త సిగ్గు, అంతే. విందు రోజు వచ్చి చూడు. మీ మామ పక్కన కూర్చుని ఆయనకు చాయ్ కూడా పోస్తాది."

ఫోను పెట్టేశాక, ఆ మాట అన్నది తానేనా అన్నట్టు చాలాసేపు అరచేతిలోని ఫోను వంక చూసింది. పిల్ల పోతుందన్న దిగులు ఒకటి. అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. కోడలి చేతుల్లోంచి నిక్షేపంలాంటి బిడ్డను తీసుకుని ఇట్లా తయారు చేసిందని వియ్యంకుడు అనుకుంటాడు. అనడు, అనుకుంటాడు. ఆయన అనుకోవడం ఆయన మొహంలో కనిపిస్తుంది.

జూరకన్ చేసిన తప్పు బిష్కెక్‌లో పుట్టి పెరిగిన మనిషి చేయగలిగింది కాదు. ఆ చుట్టుపక్కల గొర్రెకు పాడటంలో జూరకన్‌ను మించినవాళ్ళు లేరు. తొలిసారి ఈనిన గొర్రె పిల్లను దగ్గరికి రానీయక తన్నేస్తే, ఆమెను పిలుస్తారు. గొర్రెను గుంజకు కట్టి, పిల్ల ఒంటికి ఉప్పు రాసి, పొదుగు దగ్గర నిలబెట్టి, పక్కన గొంతుకూర్చుని పాడుతుంది. మాటలంటూ పెద్దగా ఉండవు, ఒకటే కూత సాగి సాగి పోతుంది. గొర్రె గింజుకుంటుంది, కాళ్ళు ఝాడిస్తుంది. అప్పుడు ఆపకూడదు. ఆపితే చేసినదంతా మొదటికొస్తుంది. కొన్ని గొర్రెలు పూటంతా తీసుకుంటాయి. పూటంతా పాడాలి. చివరికి ఒక క్షణం అది కదలకుండా నిలబడిపోతుంది, కళ్ళు అరమూస్తుంది, మూతి కిందికి దించి పిల్లను నాకుతుంది.

అరగంటట. గడియారం చూసి జీతం తీసుకునేవాళ్ళ లెక్క అనుకుంది జూరకన్. ఏ గొర్రె అరగంటకు లొంగింది కనక?

మర్నాడు పొద్దున బెగాయిమ్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి మధ్యాహ్నం దాకా తీయలేదు. పిల్ల మొదట మెలికలు తిరిగింది, తర్వాత లాగిపారేసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ లాగితే పూల రుమాలు తెచ్చి వాటి మీదుగా గడ్డం కింద ముడి వేసింది. "ఇంకొంచెం సేపు బంగారూ, ఇంకొంచెం" అని బుజ్జగిస్తూనే వేసింది. సాయంత్రానికి పిల్ల గింజుకోవడం మానేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వంక చూస్తూ కూర్చుంది. బయట కుక్క మొరిగినా ఉలకలేదు. జూరకన్ గుండె సంతోషంతో కొట్టుకుంది. గొర్రె కూడా లొంగేముందు అట్లాగే నిలబడిపోతుంది కదా.

పక్కన కూర్చునే సంగతి అయితే, విందు పనుల్లో ఆమెకు కూర్చునే తీరిక ఏది? కూర్చున్నా ఒక చెవి గేటు వైపే ఉండేది. అప్పు గిన్నెలకనీ పిండి జల్లెడకనీ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. వచ్చినప్పుడల్లా పిల్లను రుమాలుతో సహా లోపలి గదిలోకి తోసేది. బుర్మా ఎప్పుడు చూసిందో ఏమో. మాట ఊరు తిరిగి వచ్చిన రోజు మాత్రం రుమాలు విప్పి, ఇక కట్టకూడదనుకుంది. విప్పిన చోట చెవుల వెనక చర్మం ఎర్రగా కంది ఉంది. వెన్న రాసింది. మర్నాడు ఎర్మెక్ వాళ్ళు మరో రెండ్రోజుల్లో బయల్దేరుతున్నామని ఫోన్ చేసేసరికి మళ్ళీ కట్టింది. ఈసారి కిటికీ తెర కూడా వేసింది.

విందు రోజు ఇంటి ముందు పందిరి వేశారు. మైకు పట్టుకుని హాస్యాలాడే అతన్ని కొచ్కోర్ నుంచి తెచ్చారు. అతని గొంతుకన్నా మైకు కూత ఎక్కువగా ఉంది. అయ్‌పేరి రాగానే బెగాయిమ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె జడ సవరించబోయింది. పిల్ల చెట్టుకొమ్మలా బిగుసుకుపోయింది.

"ఒంట్లో బాగుండాదా దీనికి?" అన్నది అయ్‌పేరి.

"కొత్త కదా నువ్వు" అన్నది జూరకన్. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అయ్‌పేరి లేచి వంటపొయ్యి వైపు వెళ్ళిపోయింది.

మాంబెత్‌ను అందరికన్నా పైస్థానంలో కూర్చోబెట్టి గొర్రె తల ఆయన ముందు పెట్టారు. ఆయన కత్తితో నింపాదిగా చెవి కోశాడు. చెవి ఇంట్లోని పసిబిడ్డకు ఇవ్వాలి, మాట వినేవాళ్ళు కావాలని. అక్కడ చాలామంది పిల్లలే తిరుగుతున్నారు. ఆయన మాత్రం చూపుడువేలితో దూరంగా జూరకన్ గౌను పట్టుకుని నిలబడ్డ బెగాయిమ్‌ను చూపించి, మా అమ్మాయి కూతుర్ని రానీయండి, తాత చేత్తో తీసుకుంటది అన్నాడు. మైకు అతనికి పని దొరికింది. బెగాయిమ్ రావాలి, బెగాయిమ్ రావాలి అని పిల్ల ముందుకే వచ్చి మైకులో మొదలుపెట్టాడు. పందిరంతా చప్పట్లు.

జూరకన్ పిల్ల వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. అందరూ చూశారు, తోయడం.

తర్వాత జరిగింది చాలా త్వరగా జరిగింది. పిల్ల కేక వేసింది. అది పిల్ల కేకలా లేదు, తోడేలు పట్టిన గొర్రెపిల్ల అరుపులా ఉంది. మాంబెత్ చెయ్యి చాచి దగ్గరికి తీసుకోబోతే ఆ చేతిని కొరికింది. ఆయన చేతిలోని గొర్రె చెవి దుమ్ములో పడింది. పిల్ల బల్ల కిందికి దూరి, తల నేలకు కొట్టుకుంటూ, అక్కడే గౌను తడుపుకుంది. ఎవరో నవ్వారు, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మైకు అతను మైకు దించాడు. డెబ్బయ్యేళ్ళ సాతర్‌కుల్ బల్ల కింద మోకాళ్ళ మీద పాకుతున్నాడు, మనవరాలి కోసం.

అంతమంది కళ్ళు తన వైపు తిరగడం జూరకన్‌కు ఒంటికి తెలిసింది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఇది మా ఇంట్లో పుట్టిన జబ్బు కాదు. ఆ టౌను పిల్ల పెట్టిన మెషీను చేసిన పని ఇది. బంగారంలాంటి పిల్లను పాడుచేసి పంపింది."

ఆడవాళ్ళు వెంటనే అందుకున్నారు. మేమూ విన్నామన్నారు, చెవుల్లో కరెంటు పెడతారంట అన్నారు. జూరకన్ కళ్ళు బుర్మా మీద పడ్డాయి. చాయ్ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది బుర్మా. ఊరంతటికీ చెప్పుకు తిరిగిన మనిషి, ఆ ఒక్క చోట నోరు మెదపలేదు. తల దించుకుని గిన్నెలోకి చూసుకుంది. ఆమె అరిచి చెప్పినా అంత బాధ ఉండేది కాదు.

మర్నాడు ఎర్మెక్ కొచ్కోర్ వెళ్ళి బాలబడి గదిలో ఇతర తల్లుల ముందే కుందుజ్‌ను నానా మాటలూ అని వచ్చాడు. మధ్యాహ్నానికి కుందుజ్ తానే బండెక్కి ఊరికి వచ్చింది, పిల్లను చూడాలని. వచ్చిన మనిషిని గడపలో నిలబెట్టలేరు కనక లోపలికి పిలిచి చాపల మీద కూర్చోబెట్టారు. సాతర్‌కుల్, ఎర్మెక్, అయ్‌పేరి గోడలకు ఆనుకుని కూర్చున్నారు. జూరకన్ చాయ్ దగ్గర కూర్చుంది. పిల్ల దొంతర వెనక ఉంది, పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

కుందుజ్ ఎవరినీ ఏమీ అనలేదు. రోజుకు ఎంతసేపు వినిపించారు అపా అని అడిగింది.

"నువ్వు చెప్పినంతసేపే. అరగంట" అన్నది జూరకన్.

కుందుజ్ దొంతర వెనక కనిపిస్తున్న పాదాల వంక చూసింది. "అయితే తప్పు నాదే" అన్నది. "అరగంట కూడా ఎక్కువైన పిల్లని నేను కనిపెట్టలేకపోయినాను. ఇక ఎవరి ఇంటికీ ఇవ్వను అపా. నారిన్ దోవలో ఒక పిల్లోడుండాడు, వాళ్ళ నాయనను నోరు తెరిచి నాయనా అని పిలుస్తాండాడు ఈమధ్యే. వాళ్ళింటి నుంచి కూడా రేపు వెనక్కి తెచ్చేస్తాను."

"తేవాల్సిందే" అన్నాడు ఎర్మెక్.

జూరకన్ కుందుజ్ గిన్నె అందుకుని చాయ్ పోసింది. చెయ్యి తప్పిందో, మనసే పోయించిందో, గిన్నె అంచుదాకా నిండిపోయింది. చుట్టానికి ఎప్పుడూ సగమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోయడానికి. నిండు గిన్నె ఇచ్చారంటే ఇక వెళ్ళిరమ్మని. గదిలో అందరూ ఆ గిన్నె వంక చూశారు. కుందుజ్ కూడా చూసింది. గిన్నె అందుకుని పెదవులకు తాకించి కింద పెట్టి, తిన్నాక చేసే ప్రార్థనగా అరచేతులతో మొహం తుడుచుకుని లేచింది. హెడ్‌ఫోన్ల కోసం చెయ్యి చాచింది.

"కూచో అమ్మాయ్" అన్నది జూరకన్.

కుందుజ్ నిలబడే ఉంది.

"అరగంట కాదు. పొద్దున పెట్టి పొద్దుగూకేదాకా ఉంచినా. పెరికేస్తాంటే రుమాలు తెచ్చి కట్టినా. విందు నాటికి బాగైపోవాలని."

సాతర్‌కుల్ గడ్డం నిమురుకున్నాడు.

"గొర్రెను కట్టినట్టు కట్టినావా ముసల్దానా?"

"అట్లాగే కట్టినా."

"నువ్వు పాడేది తన్నే గొర్రెకు కదా. ఇది ఎవరిని తన్నింది?"

జూరకన్ తల వంచింది. చాయ్ వడపోసే జల్లెడను గిన్నె మీద పెట్టి తీసి, మళ్ళీ పెట్టి తీసింది. ఎర్మెక్ మొహం కందగడ్డలా అయ్యింది. పొద్దున బాలబడిలో తాను అన్న మాటలు ఇప్పుడు అతనికి ఒక్కొక్కటీ వినిపిస్తున్నట్టున్నాయి. అయ్‌పేరి దొంతర దగ్గరికి జరిగి కూర్చుంది. పిల్ల పాదాల పక్కన తన చెయ్యి నేల మీద పెట్టింది, తాకకుండా.

రేపు బాలబడికి వచ్చి ఆ తల్లులందరి ముందూ చెప్తానన్నది జూరకన్. చెప్పాలి అన్నది కుందుజ్, ఆ మాటను తేలిక చేయకుండా. ఆ తర్వాత గొంతు మామూలైంది. పిల్లకు కొన్నాళ్ళు ఏ పాటా వద్దంది. చెవి తేరుకున్నాక మళ్ళీ మొదలుపెట్టవచ్చు, ఐదేసి నిమిషాలతో. అయితే ఒకటి తేల్చుకోవాలి. పక్కన ఎవరు కూర్చుంటారు?

అయ్‌పేరి తలెత్తింది. జూరకన్ అది చూసింది.

"నేనే, ఇంకెవరు?" అన్నది జూరకన్ ఆదరాబాదరాగా. "పుట్టిన్నుంచీ నా ఒళ్ళోనే పెరిగింది. ఈసారి చెప్పినట్టే చేస్తా. ఏం తల్లీ, నాతోనే కూచుంటావు కదా?"

దొంతర వెనకనుంచి బెగాయిమ్ బయటికి వచ్చింది. చెవుల వెనక కందిన చోట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కుందుజ్‌ను చూసింది, అన్నను చూసింది, నేల మీదున్న వదిన చేతిని చూసింది. లోపలికి పారిపోలేదు.

"వద్దు" అన్నది.

జూరకన్ అందరి వంకా చూస్తూ నవ్వడానికి ప్రయత్నించింది. "ఎందుకు వద్దే? నేనేం చేసినా నిన్ను?"

"నువ్వు నా పక్కన కూచుని తలుపు దిక్కే చూస్తా ఉంటావు. ఎవరన్నా వస్తాంటే నన్ను దాచిపెడతావు."